కారాగారం నుండి సభాస్థలి వరకు: రాజకీయ సంక్షోభాల అనంతరం స్త్రీల ఉద్యమ చరిత్ర

బెంగుళూరు నగరం నడుమ, శేషాద్రి రోడ్డు ప్రక్కన, ఒక పాత కారాగారపు గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ గోడల లోపలి స్థలాన్ని మనం ఫ్రీడమ్ పార్కు అని పిలుస్తున్నాము. ఉదయం పూట వృద్ధులు అక్కడ నడకకు వస్తారు. ప్రొద్దెక్కేసరికి ఏదో ఒక సంఘం వారు జెండాలతో, చేతివ్రాత అట్టలతో వచ్చి కూర్చుంటారు. 2008వ సంవత్సరంలో పార్కుగా రూపొందక పూర్వం అది బెంగుళూరు సెంట్రల్ జైలు. ఒకనాడు మాట్లాడినందుకు మనుషులను బంధించి ఉంచిన చోటనే నేడు మాట్లాడదలచిన వారు గుమిగూడుతున్నారు. చరిత్రలో ఇటువంటి విచిత్రాలు అరుదు.

మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం వ్రాయవలసినదని మిత్రులు కోరినప్పుడు నాకు మొదట స్ఫురించినది ఆ గోడ. ఆ గోడ వెనుక ఎనిమిది మాసాలు బందీగా ఉండిన ఒక తెలుగు స్త్రీ స్ఫురించినది. ఆ వెంటనే ఒక ప్రశ్న కూడా కలిగినది. రాజ్యాలు కూలినప్పుడు, శాసనాలు మారినప్పుడు, ప్రజలు వీధులకెక్కినప్పుడు, స్త్రీలు పురుషులతో సమానంగా ముందు నిలిచిన సందర్భాలు మనకు ఎన్నో తెలుసు. కాని ఆ అలజడి చల్లారిన మరునాడు ఆ స్త్రీలకు ఏమైనది? వారు ఇంటికి వెళ్ళిపోయారా, పంపివేయబడ్డారా, లేక క్రొత్త దారి ఏదైనా తీశారా? ఈ ప్రశ్నకు సమాధానం పాఠ్యపుస్తకాలలో సులభంగా దొరకదు. కొంత తెలంగాణములో, కొంత బెంగుళూరులో, కొంత సుదూరమైన అరబ్బు దేశాలలో వెదకవలసి ఉంటుంది.

పోరాటం ముగిసిన మరునాడు

తెలుగు దేశంలో ఈ ప్రశ్నను మొట్టమొదట బలంగా లేవనెత్తినది తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట చరిత్ర. నిజాము సంస్థానంలో దొరల, దేశముఖుల వెట్టిచాకిరికి ఎదురు తిరిగిన ఆ పోరాటంలో స్త్రీల పాత్ర అసామాన్యమైనది. పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ తాను కౌలుకు తీసుకొని పండించిన పంటను విసునూరు దేశముఖు మనుషులు ఎత్తుకొనిపోకుండా సంఘం అండతో నిలబెట్టుకొన్నది. చదువు లేదు, ఆస్తి లేదు, కులబలం లేదు. పండించిన గింజ తనదేనన్న న్యాయం ఒక్కటే ఆమెకు గల ఆయుధం. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకి గుండుకు బలి అయిన పిమ్మట ఆ నిప్పు జిల్లాలకు జిల్లాలుగా వ్యాపించినది.

మల్లు స్వరాజ్యం భూస్వామి కుటుంబంలో పుట్టిన బాలిక. ఆమె గ్రామ గ్రామానికి తిరిగి పాటలు పాడి స్త్రీలను కదిలించినది, తరువాత తుపాకి పట్టి దళంలో నడిచినది. ఆమె తలకు ప్రభుత్వం పదివేల రూపాయల వెల ప్రకటించినది. ఆరుట్ల కమలాదేవి దళంలోనూ, జైలులోనూ ఉండి, 1952లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనది. ఇటువంటి పేర్లు కొన్ని మిగిలాయి. కాని దళాలకు అన్నం వండి పంపినవారు, చీటీలు కొంగున ముడివేసి ఊరు దాటించినవారు, పసిబిడ్డలను పరుల వద్ద విడిచి అడవి పట్టినవారు వందలాది మంది ఉన్నారు. వారి పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి నిజాము పాలన ముగిసినది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడినది. పురుషులలో కొందరు ఎన్నికలలోకి, కొందరు పార్టీ కార్యాలయాలలోకి, కొందరు న్యాయవాద వృత్తిలోకి వెళ్ళారు. అధిక సంఖ్యాకులైన స్త్రీలకు మాత్రం ఇక ఇంటికి వెళ్ళి సంసారం చూసుకొనవలసినదన్న మాటే వినవచ్చినది. నిన్నటి వరకు సమానులుగా ఉన్నవారు నేడు వంటింటి గడప లోపల నిలబడి ఆలోచించుకొనవలసి వచ్చినది. తమను గ్రామాలు ఎట్లు చూసినవో, బంధువులు ఏమని నిందించినారో, తమలో తాము ఎట్లు కుమిలిపోయినారో వారు చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. అడిగినవారు లేరు గనుక చెప్పలేదు.

అడిగిన వారు మూడు దశాబ్దాల తరువాత వచ్చారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అన్న బృందం ఆ స్త్రీలను వెదకి, వారి ముందు కూర్చుని, వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసుకొన్నది. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అన్న పేరుతో ఆ గ్రంథం వెలువడినది. 1989లో ఆంగ్లంలో కూడా వచ్చినది. ఆ పుస్తకం పేరులోనే ఒక మందలింపు ఉన్నది. చరిత్ర మనదే, తెలియనిది మాత్రం మనకే. ఆ స్త్రీలు మాట్లాడినది పల్లె తెలుగు, యాసతో కూడిన తెలుగు. ఆ మాటను పండితుల భాషలోకి మార్చి ఉంటే సగం చరిత్ర జారిపోయి ఉండేది.

ఎనిమిది మాసాల నిర్బంధం

ఇక బెంగుళూరు కథకు వద్దాము. 1975 జూన్ 25వ తేదీ రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించబడినది. పత్రికలపై సెన్సారు విధించబడినది. పార్లమెంటరీ సంఘం పని మీద బెంగుళూరు వచ్చియున్న ప్రతిపక్ష నాయకులు, వాజపేయి, అద్వానీ, మధు దండవతే ప్రభృతులు, ఇక్కడనే నిర్బంధింపబడి సెంట్రల్ జైలులో ఉంచబడ్డారు. మీసా, భారత రక్షణ నిబంధనల క్రింద దేశం మొత్తంమీద లక్షమందికి పైగా కారాగారాల పాలైనట్లు తరువాత షా కమిషన్ లెక్క తేల్చినది.

ఆ జైలుకు 1976 మే నెలలో స్నేహలతారెడ్డిని తీసుకొని వచ్చారు. ఆమె ఆంధ్ర దేశంలో 1932లో జన్మించిన నటి. మదరాసు ప్లేయర్స్ నాటక సంస్థను స్థాపించినవారిలో ఒకరు. ఆమె భర్త పట్టాభిరామరెడ్డి తెలుగు సాహిత్య ప్రియులకు చిరపరిచితులు. ‘ఫిడేలు రాగాల డజన్’ కర్తగా నవ్య కవిత్వంలో సంచలనం కలిగించిన పట్టాభి ఆయనే. 1970లో ఆయన దర్శకత్వం వహించిన కన్నడ చలనచిత్రం ‘సంస్కార’లో చంద్రి పాత్రను స్నేహలత ధరించారు. అనంతమూర్తి నవల ఆధారంగా తీసిన ఆ చిత్రం మొదట సెన్సారు అభ్యంతరాలను ఎదుర్కొని, తరువాత జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం పొందినది. తెలుగు దంపతులు బెంగుళూరులో ఉండి కన్నడ చలనచిత్రానికి క్రొత్త దారి చూపించారన్నది ఈ నగరపు తెలుగువారు గర్వించదగిన విషయం.

వారు రామమనోహర్ లోహియా అనుయాయులు. అజ్ఞాతంలో ఉన్న జార్జి ఫెర్నాండెజ్‌తో వారికి స్నేహం ఉన్నది. ఆ స్నేహమే బరోడా డైనమైటు కేసు పేరిట స్నేహలత నిర్బంధానికి కారణమైనది. తుది అభియోగపత్రంలో ఆమె పేరు లేదు. అయినప్పటికీ ఆమెను విడువక మీసా క్రింద జైలులోనే ఉంచారు. ఆమెకు తీవ్రమైన ఉబ్బసం. గాలి సరిగా ఆడని కొట్టు, తగిన వైద్యం లేని దినాలు. రాత్రి నిశ్శబ్దంలో ఆమె ఆర్తనాదం తన గదికి వినవచ్చేదని అదే జైలులో ఉండిన మధు దండవతే తరువాత వ్రాశారు.

ఇంతవరకు ఇది ఒక బాధితురాలి కథ. కాని ఆమె బాధితురాలుగా మాత్రమే మిగిలి ఉంటే ఈ వ్యాసంలో ఆమెకు ఇంత చోటు ఉండేది కాదు. స్త్రీల వార్డులో చిన్న చిన్న నేరాలకు వచ్చి పడి ఉన్న నిరుపేద ఖైదీలు ఉన్నారు. వారిని కొట్టడం అక్కడ నిత్యకృత్యం. స్నేహలత ఆ దెబ్బలను ఎదిరించారు, నిరాహారదీక్ష చేశారు, వారి తిండి విషయమై అధికారులతో వాదించారు. రాజకీయ ఖైదీగా తనకు కావలసినవి మాత్రమే అడుక్కొని ఊరుకొనలేదు. తాను చూసినది చూసినట్లు వ్రాసుకొన్నారు. ఆ జైలు దినచర్య ఆమె మరణానంతరం 1977లో పుస్తకంగా వెలువడినది.

ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్న పిమ్మట 1977 జనవరి 15వ తేదీన ఆమెను పెరోలుపై విడుదల చేశారు. జనవరి 18న ప్రధానమంత్రి ఎన్నికలు ప్రకటించారు. జనవరి 20న స్నేహలత కన్నుమూశారు. మార్చి 21న అత్యవసర పరిస్థితి తొలగింపబడినది. బరోడా కేసు ఉపసంహరింపబడినది. ఆ కేసులో ప్రధాన నిందితుడైన ఫెర్నాండెజ్ జైలు నుండియే ఎన్నికలలో గెలిచి కేంద్ర మంత్రి అయినారు. మలుపు తిరిగిన చరిత్రను చూడడానికి స్నేహలత మాత్రం లేరు.

గుసగుస నుండి సాక్ష్యానికి

అత్యవసర పరిస్థితి ముగిసిన తరువాతి సంవత్సరాలలో మన దేశంలో స్త్రీల సంఘాలు ఒకదాని వెనుక ఒకటిగా వెలసినవి. ఇది యాదృచ్ఛికం కాదు. నోరు నొక్కబడిన అనుభవం ఒకసారి జాతి మొత్తానికి కలిగినది. దానితో, ఇంటిలోపల ఏనాటి నుండియో నోరు నొక్కబడి ఉన్నవారి సంగతి ఏమిటన్న ప్రశ్న సహజంగానే పుట్టినది. 1978లో హైదరాబాదులో పోలీసు నిర్బంధంలో ఒక పేద స్త్రీపై అత్యాచారం జరిగి, ఆమె భర్త దెబ్బలకు మరణించినప్పుడు నగరం అట్టుడికిపోయినది. ఆ కేసు విచారణ కర్ణాటకములోని రాయచూరుకు మారి, పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారు. మరొక కేసులో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పును ప్రశ్నిస్తూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు బహిరంగ లేఖ వ్రాశారు. ఆ లేఖ చేతులు మారి, నగరాలు దాటి, ఊరేగింపుగా మారినది. 1983లో అత్యాచార చట్టం సవరింపబడినది. ఒక లేఖ, దాని వెంట ఒక ఊరేగింపు, దాని వెంట ఒక చట్టం. ఈ క్రమాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి.

బెంగుళూరులో 1979లో విమోచన అన్న సంస్థ ఏర్పడినది. వరకట్నపు మరణాలు ఆనాడు పత్రికలలో స్టవ్ పేలి జరిగిన ప్రమాదాలుగా రెండు పంక్తులలో ముగిసేవి. విమోచన సభ్యులు కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరిన స్త్రీల మంచాల వద్దకు వెళ్ళారు, వారి మాట విన్నారు, ఆ మాటను వీధికి తెచ్చారు. నల్లని దుస్తులు ధరించి కూడలిలో మౌనంగా నిలబడే పద్ధతిని కూడా వారు ఈ నగరానికి తెచ్చారు. ఆ పద్ధతి 1988లో జెరూసలేములో, పాలస్తీనా ప్రాంతాల ఆక్రమణను వ్యతిరేకించిన ఇజ్రాయెలీ స్త్రీలు ప్రారంభించినది.

ఈ సంస్థ స్థాపకులలో ఒకరైన కోరిన్ కుమార్ ద్వారా బెంగుళూరుకు అరబ్బు ప్రపంచంతో ఒక సూటి సంబంధం ఏర్పడినది. ఆమె ట్యునీసియా రాజధాని ట్యూనిస్ కేంద్రంగా గల ఎల్ టాలర్ అన్న అంతర్జాతీయ సంస్థకు ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. స్త్రీల న్యాయస్థానాలు అన్న వినూత్న ప్రయోగాన్ని నడిపించారు. ఈ న్యాయస్థానాలకు శిక్షించే అధికారం లేదు. అక్కడ బాధ అనుభవించిన స్త్రీ స్వయంగా వచ్చి, పది మంది ఎదుట సాక్ష్యం చెబుతుంది. మొదటిది లాహోరులో జరిగినది. 1995లో అరబ్బు స్త్రీల న్యాయస్థానం బేరూతులో జరిగినది. గుసగుసగా చెప్పుకొనే బాధను సాక్ష్యంగా మార్చడమే ఈ ప్రయోగపు సారాంశం. తెలంగాణ స్త్రీల ముందు కూర్చుని విన్నవారు చేసినది కూడా ఇదే పని.

అరబ్బు దేశాల అనుభవం

అరబ్బు స్త్రీల ఉద్యమం నిన్న మొన్నటిదని చాలామంది తలుస్తారు. అది సరికాదు. 1919లో ఈజిప్టు బ్రిటిషు పాలనపై తిరుగబడినప్పుడు కైరో వీధులలో స్త్రీలు ఊరేగింపు తీశారు. వారిలో ముందు నిలిచిన హుదా షారావీ 1923లో ఈజిప్షియన్ ఫెమినిస్టు యూనియన్ స్థాపించినది. ఆ సంవత్సరమే వచ్చిన రాజ్యాంగం క్రింద వోటు హక్కు పురుషులకు మాత్రమే దక్కినది. తమతో కలిసి నడిచినవారే తమను విడిచివేశారని గ్రహించిన స్త్రీలు 1924లో పార్లమెంటు ప్రారంభోత్సవం నాడు బయట నిలబడి నిరసన తెలిపారు. 1951లో దొరియా షఫీక్ నాయకత్వాన సుమారు 1500 మంది స్త్రీలు పార్లమెంటు భవనంలోకి చొరబడ్డారు. 1954లో ఆమె నిరాహారదీక్ష పూనినది. 1956లో ఈజిప్టు స్త్రీలకు వోటు హక్కు వచ్చినది. మరుసటి సంవత్సరమే, ఏకవ్యక్తి పాలనను ప్రశ్నించిన దొరియా షఫీక్‌ను గృహనిర్బంధంలో ఉంచారు.

ఈ పూర్వగాథ తెలిసిన వారికి 2011 సంఘటనలు బాగుగా అర్థమవుతాయి. 2010 డిసెంబరులో ట్యునీసియాలో ఒక వీధి వ్యాపారి ఆత్మాహుతితో రగిలిన అగ్ని జనవరి 14న ఆ దేశాధ్యక్షుని పారద్రోలినది. జనవరి 18న ఈజిప్టులో అస్మా మహఫూజ్ అన్న యువతి కెమెరా ఎదుట కూర్చుని, తాను 25వ తేదీన తహ్రీర్ కూడలికి వెళ్ళుతున్నానని, మగతనం గలవారు తనతో రావలసినదని చెప్పి ఆ దృశ్యాన్ని అంతర్జాలంలో ఉంచినది. అది లక్షల మందికి చేరినది. అంతర్జాలం ఇచ్చినది పిలుపు మాత్రమే. ఆ పిలుపునకు కాళ్ళు తెచ్చినవారు కూడలికి నడిచి వచ్చిన స్త్రీ పురుషులు. ఫిబ్రవరి 11న ముబారక్ గద్దె దిగినాడు.

మరి మరునాడు? మార్చి 8న అంతర్జాతీయ మహిళా దినం సందర్భంగా అదే కూడలికి వచ్చిన స్త్రీలను మూకలు తరిమికొట్టినవి. మార్చి 9న సైనికులు నిర్బంధించిన స్త్రీలలో కొందరికి కన్యత్వ పరీక్షలు జరిపారు. వారిలో సమీరా ఇబ్రహీం మౌనంగా ఉండక న్యాయస్థానానికి వెళ్ళినది. ఆ పరీక్షలు చట్టవిరుద్ధమని 2011 డిసెంబరులో కైరో పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పినది. పరీక్ష జరిపినాడన్న అభియోగం ఎదుర్కొన్న సైనిక వైద్యుడు మాత్రం 2012 మార్చిలో నిర్దోషిగా బయటపడినాడు. అదే డిసెంబరులో ఒక స్త్రీని సైనికులు వీధిలో ఈడ్చి కొట్టిన దృశ్యం ప్రపంచమంతా చూసినది. దానికి ఉత్తరంగా వేలమంది స్త్రీలు కైరోలో కవాతు చేశారు.

ట్యునీసియాలో క్రొత్త రాజ్యాంగ ముసాయిదాలో స్త్రీ పురుషునికి ‘పూరకం’ అన్న పదం చేరినది. 2012 ఆగస్టు 13న వేలమంది స్త్రీలు వీధులకు వచ్చి, తాము పూరకాలము కాము, సమానులమని చాటారు. ఆ పదం తొలగిపోయినది. 2014 రాజ్యాంగంలో ఎన్నికైన సభలలో స్త్రీ పురుష సమాన ప్రాతినిధ్యానికి కృషి చేయవలెనన్న నియమం చేరినది. 2017లో స్త్రీలపై హింసను నిరోధించే సమగ్ర చట్టం వచ్చినది. అయితే 2022లో రాజ్యాంగమూ మారినది. అభ్యర్థుల జాబితాలలో స్త్రీ పురుషులకు సమాన స్థానం ఉండవలెనన్న నియమం అప్పటి ఎన్నికల చట్టంలో లేకుండా పోయినది. యెమెన్‌లో ఉద్యమానికి నాయకత్వం వహించిన తవక్కుల్ కర్మాన్‌కు 2011లో నోబెల్ శాంతి బహుమతి లభించినది. కొన్ని సంవత్సరాలకే ఆ దేశం అంతర్యుద్ధంలో చిక్కుకొన్నది.

సౌదీ అరేబియా సంగతి మరొకటి. అక్కడ 1990 నవంబరులో 47 మంది స్త్రీలు రియాద్ వీధులలో కార్లు నడిపి నిషేధాన్ని ధిక్కరించారు. 2011లో మనాల్ అల్ షరీఫ్ కారు నడుపుతూ తీసిన దృశ్యాన్ని అంతర్జాలంలో ఉంచి జైలుకు వెళ్ళినది. 2018 జూన్‌లో నిషేధం తొలగినది. కాని దానికి కొన్ని వారాల ముందే ఆ హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హత్లూల్ వంటివారు నిర్బంధింపబడ్డారు. హక్కు ఇచ్చినాము, అడిగినవారిని మాత్రం క్షమించము అన్నట్లుగా ఉన్నది ఆ పద్ధతి.

అక్షరము, వీధి

ఈ కథలన్నిటిలోనూ రెండు చేతులు కనబడుతున్నాయి. ఒక చేయి వ్రాస్తుంది, లేదా చెబుతుంది. రెండవ చేయి జెండా పడుతుంది. ఒకటి లేక రెండవది నిలువదు. మన నెల్లూరు జిల్లా దూబగుంట దీనికి చక్కని నిదర్శనం. 1990వ దశకపు ఆరంభంలో అక్కడ వయోజన స్త్రీలకు రాత్రిబడులు నడిచినవి. వారి వాచకంలో సారా దుకాణాన్ని మూయించిన ఆడవారి కథ ఒకటి పాఠంగా ఉన్నది. చదివినది కథగా విడిచిపెట్టక వర్ధినేని రోశమ్మ మొదలైన స్త్రీలు తమ ఊరి దుకాణాన్నే మూయించారు. 1992 నాటికి ఆ కెరటం రాష్ట్రమంతటా వ్యాపించి సారా వేలంపాటలను అడ్డుకొన్నది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింపబడినది. గెలుపు శాశ్వతం కాదన్న పాఠం ఇక్కడ కూడా ఉన్నది.

బెంగుళూరులో ఈ రెండు చేతుల సంగతి మన కళ్ళ ఎదుటనే జరిగినది. 2003లో జాస్మీన్ పతేజా అన్న విద్యార్థిని వీధులలో స్త్రీలకు జరిగే వేధింపుల గురించి బ్లాంక్ నాయిస్ అన్న కార్యక్రమాన్ని ప్రారంభించినది. స్త్రీలు తమ అనుభవాలను అంతర్జాలంలో వ్రాశారు, వీధిలో నిలబడి ప్రదర్శించారు. 2016 డిసెంబరు 31 రాత్రి ఎం.జి. రోడ్డు పరిసరాలలో స్త్రీలు వేధింపులకు గురైనారన్న వార్తలు వచ్చినప్పుడు, సామాజిక మాధ్యమాల పిలుపుతో 2017 జనవరి 21న మన నగరంతో పాటు దేశంలోని అనేక నగరాలలో స్త్రీలు నడిచారు.

మరొక సంఘటన మన పాఠశాల కుటుంబాలకు ఇంకను దగ్గరిది. 2016లో ప్రావిడెంటు ఫండు సొమ్ములో యజమాని వాటాను 58 ఏళ్ళు నిండేదాకా తీసుకొనరాదన్న నిబంధన వచ్చినది. గార్మెంట్స్‌లో పనిచేసే స్త్రీలకు ఆ సొమ్ము కూతురి పెండ్లి, కొడుకు చదువు, పాత అప్పు. ఏప్రిల్ 18, 19 తేదీలలో వేలాది మంది స్త్రీలు పని విడిచి హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. వారిని నడిపించిన నాయకుడు లేడు, సంఘం పిలుపు లేదు. బస్సులు తగులబడినవి, లాఠీలు లేచినవి. ఆ హింస విచారకరమే. అయినను ఏప్రిల్ 19ననే కేంద్ర కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ ఆ నిబంధనను ఉపసంహరించుకొన్నట్లు ప్రకటించారు. దేశంలోని కోట్లాది కార్మికులకు ఆ మేలు కలిగినది. ఆ స్త్రీలలో ఒక్కరి పేరైనా మనకు తెలుసునా? వారు మన ప్రక్క వీధిలో ఉన్నవారే. రాయలసీమ నుండి, చిత్తూరు, కోలారు పల్లెల నుండి వచ్చి ఈ నగరపు కుట్టు మిషన్ల ముందు కూర్చున్నవారు వారిలో ఎందరో.

2017 మార్చిలో అంగన్‌వాడీ కార్యకర్తలు గౌరవవేతనం పెంచవలెనని శేషాద్రి రోడ్డు మీద నాలుగు దినాలు బైఠాయించారు. రాత్రులు రోడ్డు మీదనే నిద్రించారు. వారి ప్రక్కన ఉన్నది ఫ్రీడమ్ పార్కు గోడ. నలభై సంవత్సరాల క్రిందట అదే గోడకు అవతల ఒక స్త్రీ ఊపిరి అందక అల్లాడుతూ, ఖైదీలకు పెట్టే తిండి గురించి వాదించినది. ఆ సంగతి ఆ రాత్రి వారిలో ఎందరికి తెలిసి ఉండునో!

మన పాఠశాలకు గల సంబంధం

ఈ వ్యాసం చదివిన తల్లిదండ్రులకు ఒక సందేహం కలుగవచ్చును. బడి పండుగ సంచికలో ఇన్ని జైళ్ళ గురించి, ఊరేగింపుల గురించి ఎందుకు? నా సమాధానం ఇది. పై కథలలో మరుపున పడినవారికీ, నిలిచినవారికీ మధ్య గల తేడా ధైర్యంలో లేదు. అందరికీ ధైర్యం ఉన్నది. ఎవరి మాట అక్షరబద్ధమైనదో వారు నిలిచారు. స్నేహలత తాను చూసినది వ్రాశారు. తెలంగాణ స్త్రీల మాటను ఇతరులు వ్రాశారు. సమీరా ఇబ్రహీం మాట న్యాయస్థానపు దస్తావేజులో నిలిచినది. హోసూరు రోడ్డు స్త్రీల మాట ఇంకను ఎవరి పుస్తకంలోకీ రాలేదు.

కన్నడ దేశపు రాజధానిలో, ఆంగ్లపు ఆకర్షణ మధ్య, ఒక తెలుగు మాధ్యమ పాఠశాల ఏడున్నర దశాబ్దాలు నిలిచినదంటే అది అల్ప విషయం కాదు. తెలుగు చదువు వలన ఉద్యోగం వస్తుందా అని అడిగేవారికి సమాధానం చెప్పడం నానాటికీ కష్టమవుతున్నదని ఉపాధ్యాయులందరికీ తెలుసు. కాని మరొక ప్రశ్న ఉన్నది. అమ్మమ్మ, నాయనమ్మ, అమ్మ తమ జీవితాన్ని ఏ భాషలో చెప్పగలరు? ఆ భాషలో వ్రాయడం వచ్చిన బిడ్డ ఇంటిలో లేకపోతే ఆ జీవితం వారితోనే పోతుంది. ఆ బిడ్డను తయారుచేసే పని ఇటువంటి బడులదే.

కాబట్టి ఈ శుభ సందర్భాన విద్యార్థినీ విద్యార్థులను ఒక చిన్న పని కోరుతున్నాను. ఈ సెలవులలో మీ ఇంటిలోని ఒక పెద్దామె ఎదుట కూర్చోండి. ఆమె ఎప్పుడు ఏ ఊరు విడిచి ఈ నగరానికి వచ్చినదో, ఏ పని చేసినదో, ఎవరిని ఎదిరించినదో, ఎప్పుడు ఎదిరించలేక ఊరుకొన్నదో అడగండి. ఆమె చెప్పినది చెప్పినట్లే, ఆమె యాసలోనే, తేదీ వేసి వ్రాసి పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వండి. పూర్వ విద్యార్థులు తమ తల్లుల మాటలను కూడా ఈ విధంగా చేర్చవలెనని ప్రార్థన. శతాబ్ది ఉత్సవ సంచిక వెలువరించే నాటికి, మనకు తెలియని మన చరిత్రలో కొన్ని పుటలైనా తెలిసినవై ఉంటాయి.